సూత్రం తెలిసింది, సరుకే దొరకలేదు: తొలి అణుబాంబులు ఎలా తయారయ్యాయి

తొలి అణుబాంబు మాట వచ్చినప్పుడల్లా మన ఊహ నేరుగా న్యూమెక్సికోలోని లాస్ అలమాస్ గుట్ట మీదికి, అక్కడ ఓపెన్‌హైమర్ చుట్టూ చేరిన భౌతికశాస్త్రవేత్తల దగ్గరికి పోతుంది. నల్లబల్ల నిండా సమీకరణాలు, ప్రకృతి దాచుకున్న మహా రహస్యం, దాన్ని ఛేదించిన కొందరు మేధావులు అన్న చిత్రం ఎంత బలంగా నాటుకుపోయిందంటే, జమాఖర్చుల వైపు చూడాలని చాలామందికి తోచదు. చూస్తే మాత్రం కథ మారిపోతుంది. 1945 చివరి నాటికి మన్‌హాటన్ ప్రాజెక్టు, అంటే అణుబాంబు తయారీ రహస్య పథకం మీద అమెరికా పెట్టిన ఖర్చు సుమారు 190 కోట్ల డాలర్లు. అందులో లాస్ అలమాస్ వాటా నాలుగు శాతం దగ్గరే ఆగిపోయింది. టెనెస్సీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్, వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్ అనే రెండు పారిశ్రామిక కేంద్రాలు ఎనభై శాతానికి పైగా మింగేశాయి. ఆ రెండు చోట్లా తయారైనవి బాంబులు కావు, బాంబు నడిమధ్యన పెట్టవలసిన, కిలోల్లో తూగే లోహం. బాంబు ఎలా పుట్టిందన్న ప్రశ్నకు సగానికి పైగా జవాబు ఆ లోహం ఎలా వచ్చిందన్న దాంట్లోనే ఉంది.

సూత్రం విషయానికొస్తే, అది యుద్ధానికి ముందే బహిరంగమైపోయింది. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో తాడించి చూస్తే, అందులో దాదాపు సగం బరువే ఉండే బేరియం కనిపించింది. ఆ ఫలితానికి అర్థం చెప్పినది వారి పాత సహచరి లీసె మైట్నర్. యూదు మూలాల కారణంగా ఆ ఏడాది వేసవిలో బెర్లిన్ వదిలి స్వీడన్‌కు పారిపోయిన ఆమె, క్రిస్మస్ సెలవుల్లో తనను చూడవచ్చిన అక్క కొడుకు ఓటో ఫ్రిష్‌తో కలిసి, యురేనియం కేంద్రకం రెండుగా చీలిపోతోందనీ, ఒక్కో చీలికలో సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడుతుందనీ లెక్కగట్టారు. జనవరి ముగిసేలోపే అమెరికాలోని ప్రయోగశాలలు ఆ ప్రయోగాన్ని తిరిగి చేసి చూశాయి. చీలిక నుంచి రెండో మూడో కొత్త న్యూట్రాన్లు బయటపడతాయని, అవి మరిన్ని కేంద్రకాలను చీల్చగలవని కొద్ది వారాల్లోనే తేలింది. ఇటువంటి శృంఖల చర్యను హంగరీకి చెందిన లియో సిలార్డ్ 1933లోనే ఊహించి, మరుసటి ఏడాది లండన్‌లో పేటెంటుకు దరఖాస్తు కూడా పెట్టుకున్నారు. కాబట్టి 1939 నాటికి పారిస్, మాస్కో, టోక్యో, బెర్లిన్ నగరాల్లో ఏ సమర్థుడైన భౌతికశాస్త్రవేత్తను అడిగినా బాంబు వెనుక సూత్రం చెప్పగలిగేవాడే.

మరి అందరికీ తెలిసినది అందరూ ఎందుకు చేయలేకపోయారు? దానికి కారణం యురేనియంలోనే ఉంది. గనిలో దొరికే యురేనియంలో 99.3 శాతం యురేనియం-238. నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్‌తో అది చీలదు, పైగా న్యూట్రాన్లను మింగి శృంఖలను తెంచేస్తుంది. తేలిగ్గా చీలేది మిగతా 0.7 శాతం ఉన్న యురేనియం-235. ఈ తేడాను 1939లో పట్టుకున్నది నీల్స్ బోర్. ఈ రెండూ ఒకే మూలకపు ఐసోటోపులు, అంటే బరువులో మాత్రమే తేడా ఉన్న రూపాలు కనుక రసాయనికంగా వాటికి భేదం లేదు. బియ్యంలో రాళ్లయితే కంటికి కనిపిస్తాయి, ఏరేయవచ్చు. ఇక్కడ ఏ ఆమ్లం పోసినా, ఏ లవణంగా మార్చినా రెండూ కలిసే వస్తాయి. ఉన్నదల్లా బరువులో ఒకటింపావు శాతం తేడా, వేరు చేయడానికి దాన్నే ఆధారం చేసుకోవాలి. దేశాన్నంతటినీ ఒక ఫ్యాక్టరీగా మారిస్తే తప్ప ఇది జరిగే పని కాదని బోర్ అప్పట్లో అన్నారని భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్ తర్వాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. ఆ మాట హెచ్చరికగా అన్నదే గానీ, అమెరికా దాన్ని దాదాపు అక్షరాలా నిజం చేసింది.

1939 ఆగస్టు 2 తేదీతో ఐన్‌స్టైన్ సంతకం చేసిన ప్రసిద్ధ లేఖకు మనం ఇచ్చే ప్రాముఖ్యం దాని ఫలితానికి మించినదని నా అభిప్రాయం. సిలార్డ్ చొరవతో తయారైన ఆ లేఖ అక్టోబరు 11న అలెగ్జాండర్ సాక్స్ ద్వారా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు చేరింది. అటువంటి బాంబును పడవలో తెచ్చి రేవులో పేల్చవచ్చునే గానీ విమానం మోయలేనంత బరువు ఉండవచ్చని అందులో ఉంది. ఎంత యురేనియం కావాలో అప్పటికి ఎవరికీ తెలియదన్నమాట. లేఖ పర్యవసానం ఒక సలహా సంఘం, గ్రాఫైట్ వగైరాలు కొనడానికి 6,000 డాలర్లు. ఆ తర్వాత రెండేళ్లు పని నత్తనడకే.

అసలు మలుపు బ్రిటన్‌లో వచ్చింది. ఓటో ఫ్రిష్, రుడాల్ఫ్ పీర్ల్స్ ఇద్దరూ నాజీల బారి నుంచి తప్పించుకుని బర్మింగ్‌హామ్ చేరినవారు. పరదేశీయులన్న అనుమానంతో వారిని అత్యంత రహస్యమైన రాడార్ పనిలోకి రానివ్వలేదు. ఖాళీగా ఉన్న ఆ ఇద్దరూ 1940 మార్చిలో ఒక ప్రశ్న వేసుకున్నారు: శుద్ధమైన యురేనియం-235 ముద్ద ఒకటి చేతికి వస్తే, అది పేలడానికి కనీసం ఎంత ఉండాలి? టన్నులు కావాలని అందరూ అనుకుంటున్న రోజుల్లో వారికి వచ్చిన జవాబు సుమారు అరకిలో. నిజానికి అది తక్కువ అంచనా. అయినా టన్నుల నుంచి కిలోలకు దిగడంతోనే బాంబు ఊహలోంచి విమానంలోకి వచ్చి పడింది. కొన్ని పేజీల ఆ పత్రంలోనే, రేడియోధార్మికత వల్ల పౌరులు పెద్ద సంఖ్యలో చనిపోకుండా దీన్ని వాడడం అసాధ్యం కావచ్చనీ, ఆ కారణంగా బ్రిటన్‌కు ఇది తగిన ఆయుధం కాకపోవచ్చనీ వారు రాశారు. మొదటి సాంకేతిక పత్రంలోనే ఉన్న ఈ వాక్యాన్ని తర్వాతి చర్చల్లో అంతగా పట్టించుకున్నవారు కనిపించరు.

ఆ పత్రం మీద బ్రిటన్‌లో ఏర్పడిన మాడ్ కమిటీ 1941 జులైలో బాంబు సాధ్యమేనని నివేదించింది. అమెరికాకు పంపిన ప్రతులు ఏమయ్యాయో చూద్దామని ఆగస్టులో వెళ్లిన బర్మింగ్‌హామ్ భౌతికశాస్త్రవేత్త మార్క్ ఆలిఫంట్‌కు, అక్కడి సలహా సంఘం అధ్యక్షుడు లైమన్ బ్రిగ్స్ వాటిని తోటి సభ్యులకు సైతం చూపకుండా తన ఇనప్పెట్టెలో భద్రపరిచినట్లు తెలిసింది. ఆలిఫంట్ ఊరూరా తిరిగి ఎర్నెస్ట్ లారెన్స్ వంటి అమెరికన్ శాస్త్రవేత్తలను కదిలించారు. అక్టోబరు 9న రూజ్‌వెల్ట్ పచ్చజెండా ఊపారు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది ఆ తర్వాతే, డిసెంబరు 7న. బాంబు నిర్ణయం జపాన్ దాడికి జవాబని అనుకునేవారు ఈ రెండు తేదీల వరుసను గమనించాలి. అప్పటి భయమంతా జర్మనీ గురించే.

ఈలోగా రెండో దారి ఒకటి తెరుచుకుంది. యురేనియం-238 న్యూట్రాన్‌ను మింగితే వృథా అనుకున్నది కాస్తా, రెండు అంచెల్లో ప్లుటోనియం అనే కొత్త మూలకంగా మారుతుందని, ప్లుటోనియం-239 కూడా చక్కగా చీలుతుందని 1941 తొలి నెలల్లో గ్లెన్ సీబోర్గ్, ఆయన సహచరులు బర్క్‌లీలో తేల్చారు. ప్లుటోనియం వేరే మూలకం కనుక దాన్ని యురేనియం నుంచి రసాయనికంగా విడదీయవచ్చు. అయితే దాన్ని కిలోల లెక్కన పండించడానికి శృంఖల చర్య నిలకడగా సాగే రియాక్టర్ కావాలి, అటువంటిది భూమ్మీద అప్పటికి ఒక్కటీ లేదు.

తొలి రియాక్టర్ షికాగో విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ మైదానం గ్యాలరీ కింద, స్క్వాష్ ఆడే గదిలో లేచింది. ఎన్రికో ఫెర్మీ బృందం నలభై వేలకు పైగా గ్రాఫైట్ దిమ్మలను పొర మీద పొరగా పేర్చి, మధ్యమధ్య యురేనియం ముద్దలను అమర్చింది. న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించే మితకారి ఇక్కడ గ్రాఫైటే. 1942 డిసెంబరు 2 ఉదయం నుంచి, న్యూట్రాన్లను పీల్చి చర్యను ఆపి ఉంచే కాడ్మియం కడ్డీని అంగుళాల లెక్కన బయటికి లాగిస్తూ, ప్రతిసారీ లెక్కలు చూసుకుంటూ వచ్చిన ఫెర్మీ, చర్య ఇంకా మొదలు కాకముందే భద్రతా కడ్డీ దానంతటదే పడిపోవడంతో అందరినీ భోజనానికి పంపించారు. మధ్యాహ్నం 3 గంటల 25 నిమిషాలకు శృంఖల చర్య మొదలై 28 నిమిషాలు సాగింది. వెలువడింది అర వాటు, చిన్న టార్చిలైటు వెలగడానికి కూడా చాలదు.

ఆ గ్రాఫైట్ వెనుక ఒక ఉపకథ ఉంది. బజారులో దొరికే గ్రాఫైట్‌లో లేశమాత్రంగా ఉండే బోరాన్ న్యూట్రాన్లను విపరీతంగా పీల్చేస్తుందని గుర్తించి, బోరాన్ లేని సరుకే కావాలని సిలార్డ్ తయారీదారుల వెంటపడ్డారు. శుద్ధ గ్రాఫైట్ పనికొస్తుందన్న ఫలితాన్ని 1940లో ప్రచురించకుండా ఆపించింది కూడా ఆయనే. అదే సమయంలో జర్మనీలో వాల్టర్ బోథే కొలతలు గ్రాఫైట్ పనికిరాదని చూపించాయి. మలినమే కారణమని అక్కడా కొందరు పసిగట్టారు గానీ, దాన్ని శుద్ధి చేయడం కన్నా, మితకారిగా పనికొచ్చే మరో పదార్థమైన భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) చౌక అనుకున్నారు. భారజలం దొరికేది నార్వేలోని వెమోర్క్ కర్మాగారంలో. దాన్ని 1943 ఫిబ్రవరిలో నార్వే కమాండోలు దెబ్బతీశారు. మిగిలిన నిల్వను జర్మనీకి తరలిస్తున్న పడవను మరుసటి ఏడాది సరస్సులో ముంచేశారు. అయితే జర్మనీ వెనుకబడింది ఒక్క భారజలం వల్లనే కాదు. 1942 జూన్‌లో ఆయుధ శాఖ మంత్రి ఆల్బర్ట్ ష్పేర్‌తో జరిగిన సమావేశంలో భౌతికశాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ బృందం అడిగిన సొమ్ము ఎంత స్వల్పమంటే ష్పేరే ఆశ్చర్యపోయారు. బాంబు ఈ యుద్ధంలోపు తేలదని అంచనా వేసుకుని జర్మనీ దాన్ని పరిశోధన స్థాయిలోనే వదిలేసింది. అట్లాంటిక్‌కు అవతల సరిగ్గా అదే నెలల్లో ఆ పని సైన్యపు ఇంజనీర్ల చేతికి వెళ్లింది.

1942 సెప్టెంబరులో మన్‌హాటన్ ప్రాజెక్టు బాధ్యత తీసుకున్న లెస్లీ గ్రోవ్స్ అంతకుముందు పెంటగాన్ భవన నిర్మాణాన్ని పర్యవేక్షించిన అధికారి. ఆయన నియామకం జరిగిన మరునాడే సహాయకుడు కెన్నెత్ నికల్స్ న్యూయార్క్‌లో బెల్జియన్ గనుల కంపెనీ అధిపతి ఎడ్గార్ సెంజియెను కలిశారు. కాంగోలోని షింకొలొబ్వే గని నుంచి తెప్పించిన 1,200 టన్నుల ఖనిజం న్యూయార్క్‌లోని స్టేటన్ ఐలండ్ గోదాములో అప్పటికే రెండేళ్లుగా పడి ఉంది. జర్మన్ల చేతిలో పడకూడదని సెంజియె ముందుచూపుతో తెచ్చి పెట్టిన ఆ ఖనిజంలో యురేనియం ఆక్సైడ్ దాదాపు 65 శాతం. ఇతర చోట్ల దొరికేదాంట్లో ఒక శాతం కూడా ఉండేది కాదు. ఆ గనిలో చేతులతో ఖనిజం ఏరిన కాంగో కూలీల ఊసు బాంబు చరిత్రల్లో అరుదుగా వినిపిస్తుంది.

యురేనియం-235ను వేరు చేయడానికి ఏ పద్ధతి ఫలిస్తుందో తెలియక, గ్రోవ్స్ అన్నింటినీ ఒకేసారి మొదలుపెట్టించారు. ఎర్నెస్ట్ లారెన్స్ రూపొందించిన కాల్యుట్రాన్లనే యంత్రాల్లో, యురేనియం అయాన్లను బలమైన అయస్కాంత క్షేత్రంలో వంపు తిప్పితే తేలికవి కాస్త ఎక్కువగా వంగి వేరే గూటిలో పడతాయి. అయస్కాంతాలకు కావలసిన రాగి యుద్ధ అవసరాలకు పోతోంది కనుక, నికల్స్ ఖజానా శాఖకు వెళ్లి వేల టన్నుల వెండి అరువు అడిగారు. తమ శాఖలో వెండిని టన్నుల్లో తూచరనీ, ట్రాయ్ ఔన్సుల్లో లెక్కిస్తారనీ అక్కడి అధికారి ముఖం మాడ్చుకుని చెప్పారట. చివరికి 13,000 మెట్రిక్ టన్నులకు పైగా వెండి తీగలుగా, పట్టీలుగా మారి ఓక్‌రిడ్జ్ అయస్కాంతాలకు చుట్టుకుంది. ఆ యంత్రాల ముందు ఎత్తు పీటల మీద కూర్చుని మీటలు సరిచేసినవారు ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన, హైస్కూలు దాటిన అమ్మాయిలు. తామేం తయారుచేస్తున్నారో వారికి చెప్పలేదు. డాక్టరేట్లున్న శాస్త్రవేత్తలతో పోటీ పెడితే అమ్మాయిలే ఎక్కువ ఉత్పత్తి చూపించారు. ముల్లు కదిలితే ఎందుకు కదిలిందని శాస్త్రవేత్తలు ఆరా తీస్తూ కూర్చునేవారు, వీరు దాన్ని యథాస్థానానికి తెచ్చి ఊరుకునేవారు. అంత చేసినా, మొదట్లో లోపలికి పోసిన యురేనియంలో సుమారు 5,800 వంతులకు ఒక వంతు మాత్రమే పనికొచ్చే సరుకుగా బయటికొచ్చేది. మిగిలిందంతా యంత్రాల గోడలకు అంటుకుపోయేది. యురేనియం వాయువును సూక్ష్మరంధ్రాల పొరల గుండా వేలసార్లు నెట్టే కె-25 అనే అర మైలు పొడవు కర్మాగారం ఆలస్యంగా అందుకుంది. ఆఖరికి ఏ ఒక్క పద్ధతీ చాలక, ఒకదాని నుంచి వచ్చిన సరుకును మరొకదానికి మేతగా పెట్టి గట్టెక్కారు.

హాన్‌ఫర్డ్ కథ ఇంకా ఉత్కంఠభరితం. కొలంబియా నది ఒడ్డున పదిహేను వందల మంది రైతులను, ఆ నదినే నమ్ముకున్న వనాపమ్ తెగవారిని ఖాళీ చేయించి, డ్యుపాంట్ కంపెనీ భారీ రియాక్టర్లు కట్టింది. 1944 సెప్టెంబరు చివర్లో మొదలైన బి-రియాక్టర్ కొన్ని గంటలు ఉషారుగా నడిచి, ఎవరూ ముట్టుకోకుండానే క్రమంగా చల్లారి ఆగిపోయింది. మర్నాడు దానంతటదే తిరిగి లేచింది, మళ్లీ చల్లారింది. ఆ కాల వ్యవధిని చూసి భౌతికశాస్త్రవేత్త జాన్ వీలర్ దొంగను పట్టుకున్నారు. యురేనియం చీలికల్లో పుట్టే అయొడిన్ కొన్ని గంటల్లో జెనాన్-135గా మారుతుంది. ఆ వాయువు న్యూట్రాన్లను మింగడంలో అంతవరకూ తెలిసిన అన్ని పదార్థాలను మించిపోయింది. తొమ్మిది గంటల అర్ధాయువుతో (అంటే తొమ్మిది గంటలకోసారి సగమవుతూ) అది క్షీణించాక రియాక్టర్‌కు మళ్లీ ప్రాణం వచ్చేది. ఈ విషానికి విరుగుడు మరింత ఇంధనం. భౌతికశాస్త్రవేత్తలు 1,500 ఇంధన గొట్టాలు చాలన్నచోట, ఏమో ఎటుపోయి ఎటొస్తుందోనని డ్యుపాంట్ ఇంజనీర్లు మూలలు కూడా కలుపుకుని 2,004 గొట్టాలకు చోటు వదిలారు. డబ్బూ కాలమూ తగలేస్తున్నారని శాస్త్రవేత్తలు అప్పట్లో గొణిగారు గానీ, ఆ అదనపు గొట్టాలు లేకపోతే హాన్‌ఫర్డ్ నుంచి సకాలంలో ప్లుటోనియం వచ్చేదే కాదు.

అదే 1944 వేసవిలో లాస్ అలమాస్‌లో పెద్ద పిడుగు పడింది. అక్కడి తొలి పథకం తేలికైనది: పొడవాటి ఫిరంగి గొట్టంలో ఒక ముక్కను ఇంకో ముక్క మీదికి పేల్చి, రెండూ కలిసి సందిగ్ధ ద్రవ్యరాశిని, అంటే శృంఖల చర్య సాగడానికి కావలసిన కనీస పరిమాణాన్ని దాటేలా చేయడం. రియాక్టర్లో పండిన ప్లుటోనియం తొలి నమూనాలను 1944లో ఎమిలియో సెగ్రే పరీక్షించగా, అందులో ప్లుటోనియం-240 కలిసి ఉందనీ, అది తనంతట తానే చీలుతూ న్యూట్రాన్లు వదులుతోందనీ తేలింది. ఫిరంగి ఎంత వేగంగా పేలినా, ముక్కలు పూర్తిగా కలవకముందే చర్య మొదలై బాంబు తుస్సుమంటుంది. జులైలో ఆ నమూనాను వదిలేశారు. హాన్‌ఫర్డ్‌లో పోసిన కోట్ల డాలర్లు బూడిదలో పోసిన పన్నీరు కాకుండా కాపాడింది, సెత్ నెడర్‌మేయర్ అంతకుముందు నుంచీ పట్టుకు వేలాడుతున్న అంతర్ముఖ విస్ఫోటన పద్ధతి. ప్లుటోనియం గోళం చుట్టూ పేలుడు పదార్థాన్ని పేర్చి, అన్ని వైపుల నుంచీ ఒకే క్షణాన లోపలికి నొక్కితే లోహం సాంద్రత పెరిగి సందిగ్ధ స్థితి దాటుతుంది. ఎక్కడ ఇసుమంత తేడా వచ్చినా గోళం నలగకుండా పక్కకు చిమ్ముకుపోతుంది. అందుకని వేగంగా పేలేవీ నిదానంగా పేలేవీ అయిన రెండు రకాల పదార్థాలతో, కాంతిని కటకం వంచినట్లు పేలుడు తరంగాన్ని వంచే దిమ్మలు పోతపోశారు. పరీక్షకు కొద్ది రోజుల ముందు, ఆ పోతల్లో గాలి బుడగలు కనిపిస్తే, ఆ విభాగాధిపతి జార్జ్ కిస్టియకోవ్‌స్కీ పళ్ల డాక్టర్లు వాడే డ్రిల్లుతో స్వయంగా రంధ్రాలు చేసి, కరిగించిన పేలుడు పదార్థంతో వాటిని పూడ్చుకుంటూ కూర్చున్నారు.

1945 జులై 16 తెల్లవారుజామున 5 గంటల 29 నిమిషాలకు న్యూమెక్సికో ఎడారిలో జరిగిన ట్రినిటీ అనే తొలి పరీక్షలో పేలింది ఈ ప్లుటోనియం పరికరమే. అందులో ఉన్న ప్లుటోనియం సుమారు ఆరు కిలోలు. పేలుడు బలం 21 కిలోటన్నుల (21 వేల టన్నుల) టీఎన్‌టీ అనే పేలుడు పదార్థంతో సమానమని అప్పటి లెక్క, దాదాపు 25 అని ఇటీవలి పునఃపరిశీలన. గాలి తాకిడికి కాగితపు ముక్కలు ఎంత దూరం కొట్టుకుపోయాయో చూసి ఫెర్మీ అక్కడికక్కడే పది కిలోటన్నులని అంచనా కట్టారు. చుట్టుపక్కల గ్రామాలవారికి ముందుగా చెప్పలేదు. వైమానిక స్థావరంలో మందుగుండు గోదాము పేలిందని పత్రికలకు ప్రకటన ఇచ్చారు. యురేనియం బాంబును మాత్రం పరీక్షించనే లేదు. ఫిరంగి పద్ధతి మీద నమ్మకం ఒక కారణమైతే, పరీక్షకు ఖర్చు పెట్టడానికి రెండో బాంబుకు సరిపడా యురేనియం-235 లేకపోవడం మరో కారణం.

అప్పటికి జర్మనీ లొంగిపోయి రెండు నెలలు దాటింది. జర్మనీ దగ్గర బాంబు లేదన్న సంగతి స్ట్రాస్‌బర్గ్‌లో దొరికిన పత్రాల ద్వారా 1944 చివరికే తెలిసింది. ఆ కారణంతో మనస్సాక్షిని అనుసరించి లాస్ అలమాస్ వదిలి వెళ్లిన శాస్త్రవేత్త జోసెఫ్ రాట్‌బ్లాట్ ఒక్కరే. జనావాసం మీద వాడేముందు ప్రపంచానికి ప్రదర్శించి చూపాలని షికాగో శాస్త్రవేత్తలు రాసిన ఫ్రాంక్ నివేదిక, సిలార్డ్ డెబ్భై సంతకాలతో పంపిన విజ్ఞప్తి నిర్ణయాన్ని మార్చలేకపోయాయి. బాంబు లేకుండా యుద్ధం ఎప్పుడు ముగిసేదన్న వాదం చరిత్రకారుల్లో ఇంకా తెగలేదు. ఏప్రిల్‌లో పదవిలోకి వచ్చాకనే పూర్తి వివరాలు విన్న ట్రూమన్ ముందు వాడాలా వద్దా అన్న ప్రశ్న ఖాళీ కాగితం మీద నిలబడలేదన్నది మాత్రం నాకు స్పష్టంగా కనిపిస్తుంది. లక్షకు పైగా మంది పనిచేస్తున్న యంత్రాంగం నుంచి సరుకు రావడం అప్పటికే మొదలైపోయింది.

ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు హిరోషిమా మీద పేలిన బాంబులో 64 కిలోల శుద్ధి చేసిన యురేనియం ఉంది. అందులో నిజంగా చీలినది కిలో లోపే. 9వ తేదీన కొకురా నగరం మబ్బు, పొగ చాటున దాగిపోవడంతో విమానం నాగసాకికి మళ్లింది. ఆ ఏడాది ముగిసేసరికి మొదటి నగరంలో సుమారు 1,40,000 మంది, రెండో నగరంలో 70,000 మందికి పైగా మరణించారని అంచనా. జపాన్ పట్టుకొచ్చి పనిచేయిస్తున్న వేలాది కొరియన్లు కూడా ఆ మృతుల్లో ఉన్నారు. నాగసాకి మీద బాంబు పడిన మర్నాడే, ఆగస్టు 10న, తర్వాతి ప్లుటోనియం బాంబు 17 లేదా 18 తర్వాత వాతావరణం అనుకూలించిన వెంటనే సిద్ధమని గ్రోవ్స్ పైవారికి రాశారు. అధ్యక్షుడి స్పష్టమైన అనుమతి లేకుండా దాన్ని వాడరాదని అదే కాగితం మీద సైన్యాధిపతి జనరల్ మార్షల్ రాసిపెట్టారు. ఆయుధం మీద అధ్యక్షుడి ఆజ్ఞ ఉండాలన్న నియమం రెండు నగరాలు పోయాకే కాగితం మీదికొచ్చింది. జపాన్ 15న లొంగిపోవడంతో మూడో బాంబు అవసరపడలేదు.

సూత్రం కన్నా సరుకే కష్టమన్న మాటకు సోవియట్ యూనియన్ అనుభవం కన్నా మంచి సాక్ష్యం లేదు. లాస్ అలమాస్‌లో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్, ప్లుటోనియం బాంబు వివరాలను ట్రినిటీ పరీక్షకు ఆరు వారాల ముందే శాంటా ఫేలో సోవియట్ గూఢచారికి అందించాడు. నమూనా చేతిలో ఉంది, కుర్చాటోవ్ వంటి శాస్త్రవేత్తలున్నారు, స్టాలిన్ ఒత్తిడి ఉంది. లేనిది యురేనియం. యుద్ధానంతరం జర్మనీలో దొరికిన నూరు టన్నులకు పైగా యురేనియం ఆక్సైడ్‌తో పని మొదలై, తొలి రియాక్టర్ 1946 డిసెంబరు 25న, ప్లుటోనియం పండించే అసలు రియాక్టర్ 1948 వేసవిలో నడిచాయి. ఆ ప్లుటోనియంతో, అమెరికా నమూనానే దాదాపు యథాతథంగా అనుకరించిన బాంబు కజకిస్థాన్ మైదానంలో పేలింది 1949 ఆగస్టు 29న, అంటే నమూనా చేరిన నాలుగేళ్లకు పైగా గడిచాక.